ఒక్కొక్కటిగా చెప్పమని అడగండి: అర్థం చేసుకోవడం కూడా కార్మికుడి హక్కే

మీ సూపర్‌వైజర్ పొద్దున్నే ఒకే ఊపులో ఏడు పనులు చెప్పాడనుకోండి. సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో రెండు అరబిక్ మాటలు. వెనకాల ట్రక్కు ఇంజిన్ మోత. చివర్లో "సమజ్ గయా?" అని అడుగుతాడు. వరుసలో ఉన్న ఇరవై మందీ "యస్ సార్" అంటారు. మీరూ అంటారు. తర్వాత పక్కవాడిని చూసి వాడేం చేస్తే మీరూ అది చేస్తారు. చాలామందికి రోజు అలాగే గడిచిపోతుంది.

ఆ ఇరవై మందిలో ఒకరికి మాత్రం అలా గడవదు. ఏడు పనుల్లో మొదటిది, చివరిది మాత్రమే గుర్తుంటాయి. లేదా కాగితం మీద ఉన్నది ఎంతసేపు చూసినా అక్షరాలు కుదురుగా నిలవవు. లేదా చెప్పినదాన్ని చెప్పినట్టే, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా చేసి, "ఇంత తెలివి లేదా?" అని తిట్లు తింటాడు. సాయంత్రానికి వార్నింగ్ లెటర్ వచ్చేది ఆ ఒక్కరికే. నెలాఖరుకు జీతంలో కటింగ్ కూడా ఆయనకే. ఈ వ్యాసం ఆయన కోసం, ఆయన పక్కన పనిచేసే మీ అందరి కోసం.

"ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడు"

మన ఊళ్లలో ఇలాంటి వాళ్లకు పేర్లు చాలానే ఉన్నాయి. మొద్దు, మొండి, తిక్కలోడు, పరధ్యానం మనిషి. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడు అంటాం. ప్రపంచంలో గత పాతిక, ముప్పై ఏళ్లుగా వీళ్ల గురించి మాట్లాడే తీరు మారింది. అందరి మెదళ్లూ ఒకే పద్ధతిలో పనిచేయవని, కొందరివి వేరే పద్ధతిలో పనిచేస్తాయని, అది తప్పు కాదని చెప్పడానికి న్యూరోడైవర్జెంట్ అనే మాట వాడుతున్నారు. మాట కొత్తదే గానీ, మనుషులు మనకు కొత్త కాదు.

డిస్‌లెక్సియా ఉన్నవాళ్లకు చదవడం, రాయడం కష్టం. తెలివి మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి చేతిపనిలో అందరికన్నా ముందుంటారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు దృష్టి ఒకచోట నిలపడం, టైము అంచనా వేయడం, వరుసగా చెప్పినవి గుర్తుపెట్టుకోవడం కష్టం. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఎదుటివాళ్ల సూటిపోటి మాటలు, సైగలు, ముఖకవళికలు సులువుగా అందవు. శబ్దం, వెలుతురు, వాసన కొందరిని విపరీతంగా ఇబ్బంది పెడతాయి. రోజూ చేసే పద్ధతి హఠాత్తుగా మారితే తట్టుకోలేరు. అంకెలతోనే ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. దాన్ని డిస్‌కాల్క్యులియా అంటారు.

నేను డాక్టర్ని కాదు, బీకాం చదివి లెక్కలు చూసుకునేవాణ్ణి. ఎవరికి ఏముందో తేల్చడం నా పని కాదు, మీ ఫోర్‌మన్ పనీ కాదు. ఒక్క సంగతి మాత్రం అందరం గమనించవచ్చు. నోటీసు అర్థం కానివాళ్లలో చదువు రానివాళ్లుంటారు, ఆ భాష రానివాళ్లుంటారు, డిస్‌లెక్సియా ఉన్నవాళ్లూ ఉంటారు. బయటినుంచి చూస్తే ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. ముగ్గురికీ పనికొచ్చే మందు కూడా ఒకటే: చిన్న మాటల్లో, ఒక్కొక్కటిగా, బొమ్మతోనో గొంతుతోనో చెప్పడం.

మనమున్న దేశానికి ఈ విషయం తెలియంది కాదు. ఏటా ఏప్రిల్ 2న ప్రపంచమంతా జరిపే ఆటిజం అవగాహన దినాన్ని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది ఖతారే. ఆ తీర్మానం 2007 డిసెంబర్‌లో ఆమోదం పొందింది. 2017లో ఇక్కడ జాతీయ ఆటిజం ప్రణాళిక ప్రకటించారు. ఖతార్ బడిపిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇక్కడ 1.14 శాతం మంది పిల్లల్లో, అంటే సుమారు 87 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. నేషనల్ మ్యూజియంలో, 2022 ప్రపంచ కప్ స్టేడియాల్లో కొన్నింటిలో శబ్దం, వెలుతురు తట్టుకోలేని వాళ్ల కోసం ప్రత్యేక గదులు పెట్టారు.

ఇవన్నీ ఎక్కువగా పిల్లల కోసం, సందర్శకుల కోసం జరిగిన పనులు. ఆటిజం పెద్దయితే పోయేది కాదు, డిస్‌లెక్సియా కూడా అంతే. ఆ స్టేడియాలు కట్టినవాళ్లలో, ఆ మ్యూజియం తుడిచేవాళ్లలో, మాల్ గేటు దగ్గర నిలబడేవాళ్లలో కూడా ఇలాంటి మనుషులు ఉంటారు. వాళ్ల గురించి మన క్యాంపుల్లో, రూముల్లో మాట్లాడుకోవడం ఇంకా మొదలవలేదు.

రెండు సంగతులు

అబూ హమూర్‌లో మనవాళ్లు చేసే పనులు మీకు తెలుసు. సఫారీ మాల్, దార్ అల్ సలామ్ మాల్ చుట్టుపక్కల షాపుల్లో షెల్ఫ్ సర్దేవాళ్లు, క్యాషియర్లు, సెక్యూరిటీ గార్డులు. ఇండియన్ స్కూళ్లలో క్లీనింగ్ వాళ్లు, బస్సు సిబ్బంది. విల్లాల్లో హౌస్ డ్రైవర్లు, ఇంటిపని చేసే అక్కచెల్లెళ్లు. డెలివరీ బైకుల వాళ్లు. వీటిలో ఏ పని తీసుకున్నా రోజంతా మాట మీదే నడుస్తుంది. మా వాలంటీర్ల దాకా వచ్చిన రెండు సంగతులు చెబుతాను. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు సూపర్‌మార్కెట్‌లో షెల్ఫ్ పని చేస్తాడు. డేటు అయిపోయిన సరుకు ఎక్కడున్నా అతని కంటికి ముందే కనిపిస్తుంది. ఆ విషయంలో షాపులో అతన్ని మించినవాడు లేడు. కానీ సూపర్‌వైజర్ "పాల సెక్షన్ చూసుకో, తర్వాత స్టోర్‌లో కార్టన్లు సర్దు, వీలైతే ట్రాలీలు తీసుకురా, పన్నెండు లోపల ప్రైస్ ట్యాగులు మార్చు" అని నడుస్తూ నడుస్తూ చెప్పిపోతే అతనికి సగమే అందేది. రెండు వార్నింగ్ లెటర్లు వచ్చాయి, రెండూ ఇంగ్లీషులోనే. వాటిలో "ఆదేశాలు పాటించడం లేదు" అని ఉందని మేం చదివి చెప్పేదాకా అతనికి తెలియదు. రెండింటి మీదా సంతకం పెట్టేశాడు. చిన్నప్పటి నుంచి చదవడం రాక ఏడో తరగతిలో బడి మానేశానని మెల్లగా చెప్పాడు.

మూడో లెటర్ రాకముందే రూమ్‌మేట్ ఒకాయన వెళ్లి సూపర్‌వైజర్‌తో మాట్లాడాడు. జబ్బు పేరు ఏదీ చెప్పలేదు. "సార్, వీడికి పనులు వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి, ఒక్కో పనికి ఒక్కో వాయిస్" అన్నాడు, అంతే. సూపర్‌వైజర్‌కు అది పెద్ద పనేం కాలేదు. తమ్ముడు వాయిస్ మళ్లీ మళ్లీ వింటాడు, అయిపోయినదానికి బొటనవేలు గుర్తు పెడతాడు. పాత లెటర్లు రెండూ ఫైల్‌లోనే ఉన్నాయి. వాటిని తీసేయమంటే కంపెనీ ఒప్పుకోలేదు. మూడోది మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

రెండో సంగతి అంత తేలిగ్గా ముగియలేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవర్ అన్న చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం మేడమ్ ఒక క్లినిక్ ముందు దిగుతూ "ఐదు నిమిషాల్లో వస్తాను, ఇక్కడే ఉండు, ఇంజిన్ ఆపెయ్" అంది. లోపల ఆలస్యమైంది. ఆయన ఇంజిన్ ఆపి, అద్దాలు దించి, అక్కడే కూర్చున్నాడు. నీడలోకి వెళ్లవచ్చని గానీ, ఫోన్ చేసి అడగవచ్చని గానీ ఆయనకు తోచలేదు. ఎందుకంటే చెప్పిన మాట "ఇక్కడే ఉండు" అని. దాహం వేసింది కూడా తెలియలేదంటాడు. చివరికి దారిన పోయేవాళ్లు చూసి అంబులెన్స్ పిలిచారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మేడమ్‌కు ఆయన మీద కోపం లేదు, ఆమె నిజంగానే బాధపడింది. "అంత ఎండలో ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగింది. కొందరు కూర్చుంటారు. చెప్పిన మాటను అక్షరాలా పట్టుకునే మనిషికి మాట పూర్తిగా చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి దాహం, వేడి, అలసట లాంటి ఒంటి సంకేతాలు ఆలస్యంగా తెలుస్తాయి. మీకు అలా ఉంటుందనిపిస్తే దాహం కోసం ఎదురుచూడకండి. ఫోన్‌లో అలారం పెట్టుకుని గడియారం ప్రకారం నీళ్లు తాగండి. ఎండ గురించి ఖతార్ నిబంధన ఎలా ఉందో చూడండి: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదు. 2021 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ఇందులో తేదీ ఉంది, టైము ఉంది, ఊహించాల్సింది ఏమీ లేదు. పనిలో ప్రతి మాటా ఇలా ఉంటే సగం గొడవలు ఉండవు.

చట్టంలో మనకు ఏం దొరుకుతుంది?

"కార్మికుడికి తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాలి" అని ఏ చట్టంలోనూ లేదు. అయినా పట్టుకోవడానికి కొన్ని గట్టి కొమ్మలు ఉన్నాయి.

మొదటిది భద్రత. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పనిలో ఉండే ప్రమాదాలేమిటో, వాటి నుంచి కాపాడుకోవడం ఎలాగో పని మొదలుపెట్టేటప్పుడే ప్రతి కార్మికుడికీ యజమాని తెలియజేయాలి. భద్రత సూచనలు కనిపించే చోట పెట్టాలి. తెలియజేయడం అంటే మైకులో చదివి సంతకాల షీటు తిప్పడం కాదు. మీకు అర్థం కాకపోతే తెలియజేసినట్టు కాదు అని మీరు మర్యాదగా అడగవచ్చు.

రెండోది శిక్షలు. అదే చట్టం ప్రకారం, ఏ తప్పు చేశారంటున్నారో కార్మికుడికి చెప్పి, అతని జవాబు వినకుండా శిక్ష వేయకూడదు. చిన్న శిక్షలకు తప్ప, విచారణ రాతలో ఉండాలి. ఒక తప్పుకు ఐదు రోజుల జీతానికి మించి కోయకూడదు. శిక్ష తెలిసిన ఏడు రోజుల్లో యజమానికే అప్పీలు పెట్టుకోవచ్చు. మాట సరిగా అందక జరిగిన పొరపాటును "ఆదేశం ధిక్కరించాడు" అని రాస్తే, మీ జవాబులో చెప్పాల్సింది ఇదే: ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో, ఎలా చెప్పారు, మీకు ఏం అర్థమైంది.

మూడోది కాగితాలు. చట్టపరమైన పత్రాలు అరబిక్‌లో ఉండాలి, యజమాని వేరే భాషలో అనువాదం జతచేయవచ్చు, తేడా వస్తే అరబిక్‌దే చెల్లుతుంది. అందుకే సంతకానికి ముందే అడగాలి. మన వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లో కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వస్తారు. ఊళ్లో మీ తమ్ముడో బావమరిదో వస్తుంటే ముందే చెప్పండి: చదవడం కష్టమైతే అక్కడే "చదివి వినిపించండి" అని అడగాలి. జీతం అంకెలు మూడు విడివిడిగా చూసుకోవాలి. ఖతార్ కనీస వేతనం మూల జీతం 1,000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం.

ఇంటిపని వాళ్లకు, హౌస్ డ్రైవర్లకు వర్తించేది వేరే చట్టం, 2017 నాటి 15వ నంబరుది. రోజుకు పది గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, గౌరవంగా చూడటం అందులో ఉన్నాయి. ఇంట్లో ఒక్కరే పనిచేసే అక్కకు పక్కవాళ్లను చూసి నేర్చుకునే వీలు కూడా ఉండదు. ఆమెకు మాట స్పష్టంగా ఉండటం అందరికన్నా ఎక్కువ అవసరం.

వీటన్నింటి మీదా వైకల్యం ఉన్నవారి హక్కుల గురించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది. భారత్ 2007లో, ఖతార్ 2008లో దాన్ని ఆమోదించాయి. సమాచారం అందించడం అంటే ఏమిటో ఆ ఒప్పందమే చెబుతోంది: సరళమైన భాష, పెద్ద అక్షరాలు, ఆడియో, చదివి వినిపించే మనిషి, ఇవన్నీ అందులోకి వస్తాయి. పనిలో తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని అంటోంది. కంపెనీతో గొడవకు దిగడానికి ఇది ఆయుధంగా చూడకండి. మీరు అడిగేది దయ కాదు, ప్రపంచం ఒప్పుకున్న విషయమేనని మీ ధైర్యం కోసం తెలుసుకోండి.

జబ్బు పేరు చెప్పాలా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఏం అడగాలన్నది ఆలోచించి అడగాలి. "నాకు ఆటిజం ఉంది" అని హెచ్ఆర్‌కు చెప్పడం మంచిదా అని కొందరు అడుగుతుంటారు. మీ కంపెనీ ఎలాంటిదో మీకే బాగా తెలుసు. ఒక్కో చోట అది సాయం తెస్తుంది, ఒక్కో చోట "వీడు అన్‌ఫిట్" అనే ముద్ర తెస్తుంది. డాక్టర్ కాగితం ఉండి, మీ మీద నమ్మకమున్న మేనేజర్ ఉంటే చెప్పండి. లేకపోతే పేరు చెప్పకుండానే అవసరం చెప్పండి. చాలాసార్లు పని జరగడానికి అవసరం చెబితే చాలు.

రోజూ వాడుకునే మాటలు కొన్ని ఇస్తున్నాను, కత్తిరించి రూమ్‌లో అతికించుకోండి.

"భాయ్, ఏక్ ఏక్ కర్‌కే బోలో." అన్నీ ఒకేసారి వద్దు, ఒక్కొక్కటిగా చెప్పండి.

"పెహ్లే క్యా, బాద్ మే క్యా?" ముందు ఏది, తర్వాత ఏది?

"మై ఫిర్‌సే బోల్తా హూం, సహీ హై క్యా దేఖో." నాకు అర్థమైంది తిరిగి చెబుతాను, సరిగ్గా ఉందేమో చూడండి.

"వాట్సాప్ మే వాయిస్ భేజ్ దో." రాసేదానికి బదులు గొంతుతో పంపండి.

"కిత్నే బజే తక్?" ఎన్ని గంటల వరకు?

కాగితం మీద సంతకం అడిగితే ముందు ఫోటో తీసుకోండి. అర్థం కాకపోతే సంతకం పక్కన "అందింది" అని, తేదీ వేసి రాయండి. ఒప్పుకున్నానని రాయకండి. ఆ ఫోటో అదే రోజు నమ్మకమైనవాళ్లకు పంపి చదివించుకోండి. ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించే సౌకర్యం ఉంటుంది, పిల్లలున్నవాళ్లను అడిగితే పెట్టిస్తారు.

ఒక హెచ్చరిక. ఏడీహెచ్‌డీకి ఇండియాలో మందులు వాడుతున్నవాళ్లు వాటిని తెచ్చుకునే ముందు జాగ్రత్త పడండి. ఆ మందుల్లో కొన్ని ఇక్కడ నియంత్రణలో ఉండే రకం. డాక్టర్ చీటీ లేకుండా తేకండి, తెచ్చే ముందు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. వేరేవాళ్ల మందుల ప్యాకెట్ మాత్రం ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా పట్టుకురాకండి.

సూపర్‌వైజర్ అన్నలకు

ఈ పత్రిక చదివేవాళ్లలో ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు, క్యాంపు బాసులు కూడా ఉన్నారు. మీ కింద ఉన్నవాళ్లలో ఎవరు ఎలాంటివాళ్లో మీకు తెలియకపోవచ్చు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ పద్ధతులు అందరికీ పనికొస్తాయి.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి, దానికి ఎవరైనా అవుననే అంటారు. "ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు" అని అడగండి. తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

"తొందరగా", "కొంచెం", "అటు వైపు", "వీలైతే" లాంటి మాటల బదులు టైము, లెక్క, చోటు చెప్పండి. "పదిన్నర లోపల, నాలుగు కార్టన్లు, రెండో ర్యాక్" అంటే ఎవరికైనా ఒకేలా అర్థమవుతుంది. ఒక వస్తువుకు ఒకే పేరు వాడండి. పొద్దున కార్టన్, మధ్యాహ్నం బాక్స్, సాయంత్రం డబ్బా అంటే మూడు వస్తువులని అనుకునేవాళ్లు ఉంటారు. డ్యూటీ మారితే ముందురోజే చెప్పండి. తప్పు చూపించాలంటే పక్కకు పిలిచి చెప్పండి. పదిమందిలో అరిస్తే ఆ మనిషికి అరుపు తప్ప మాట వినిపించదు. వెటకారం అసలే వద్దు. "బాగా చేశావులే" అని ఎగతాళిగా అంటే నిజంగా మెచ్చుకున్నారనుకునేవాళ్లు ఉంటారు. ఒకరు చెవుల్లో దూది పెట్టుకున్నా, మాట్లాడేటప్పుడు మీ కళ్లలోకి చూడకపోయినా దాన్ని పొగరని అనుకోకండి. హారన్, అలారం వినాల్సిన చోట మాత్రం దూది బదులు ఏది వాడాలో సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి ఇప్పించండి.

కౌంటర్‌కు అవతల ఉన్నవాళ్లు

ఇప్పటిదాకా మనం వినేవాళ్లం. కౌంటర్ దగ్గర, గేటు దగ్గర, డెలివరీ తలుపు దగ్గర మనమే చెప్పేవాళ్లం అవుతాం. అబూ హమూర్ అంటే స్కూళ్లు, కుటుంబాలు, పిల్లలు. శుక్రవారం సాయంత్రం మాల్‌లో ఎంత జనమో, ఎంత మోతో మీకు తెలుసు. ఆ మోతలో ఆటిజం ఉన్న పిల్లాడు కింద పడి, చెవులు మూసుకుని అరుస్తున్నాడంటే అది పెంకితనం కాదు. మోత, వెలుతురు తట్టుకోలేని స్థితి.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సెక్యూరిటీ అన్న ఇలాంటప్పుడు ఏం చేస్తాడో చెప్పాడు. ఇంట్లో అక్క కొడుకును చూసి నేర్చుకున్నాడట. పిల్లాడిని ముట్టుకోడు, వాకీటాకీ శబ్దం తగ్గిస్తాడు, చుట్టూ చేరినవాళ్లను, ఫోన్‌లో వీడియో తీసేవాళ్లను దూరంగా పంపిస్తాడు. తల్లిని "మేడమ్, నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలా?" అని ఒక్క ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగుతాడు. ఇది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదని, కానీ చెప్పి ఉండాల్సిందని అన్నాడు. నేనూ అదే అంటాను.

పెద్దవాళ్లలో కూడా ఇలాంటి కస్టమర్లు వస్తారు. జవాబు ఆలస్యంగా ఇస్తే అదే ప్రశ్నను గట్టిగా మళ్లీ అడగకండి, కాసేపు ఆగండి. మొత్తం నోటితో చెప్పకుండా బిల్లు మీదో స్క్రీన్ మీదో అంకె చూపించండి. డెలివరీ వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తని కస్టమర్‌ను తిట్టుకోకండి. కొందరికి ఫోన్‌లో మాట్లాడటమే కష్టం, మెసేజ్ పెడితే వెంటనే జవాబిస్తారు. మెడలో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ ట్యాగు కనిపిస్తే దానికి అర్థం, ఆ మనిషికి పైకి కనిపించని ఇబ్బంది ఉందని, కొంచెం టైము ఇవ్వమని. 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలైన ఈ గుర్తు ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

అలాగే మనం కస్టమర్లం అయ్యే చోట్లు కూడా ఉన్నాయి. డబ్బు పంపే ఎక్స్చేంజ్, బ్యాంకు, క్లినిక్. అక్కడ కూడా "నెమ్మదిగా చెప్పండి, కాగితం మీద రాసివ్వండి" అని అడగడానికి సిగ్గుపడకండి. మందు ఎన్ని పూటలో, ఏ టైముకో అర్థం కాకుండా కౌంటర్ వదలకండి.

రూమ్‌లో, ఇంటి దగ్గర

ఎక్కువ దెబ్బ తగిలేది పనిలో కాదు, రూమ్‌లో. పన్నెండు గంటల మోత తర్వాత రూమ్‌కొస్తే అక్కడ టీవీ, ఫోన్ వీడియోలు, ఎనిమిది మంది మాటలు. ఒకడు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే పేరు పెట్టి ఆటపట్టిస్తాం. ఇయర్‌ఫోన్స్ వాడుకుందామని, రాత్రి పది తర్వాత లైటు తీసేద్దామని ఒక మాట అనుకుంటే ఖర్చేమీ లేదు. మనిషి తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా నవ్వులాటగా తీసుకోకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఊళ్లో మీ పిల్లల గురించి కూడా ఒక మాట. చదువులో వెనకబడ్డాడని ట్యూషన్ల మీద ట్యూషన్లకు డబ్బు పంపుతున్న తండ్రులు ఉన్నారు. పిల్లాడు నోటితో బాగా చెబుతూ, రాతలో మాత్రం తడబడుతుంటే కొట్టించకండి, ఒకసారి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులను గుర్తించింది. మీ చిన్నప్పుడు మీకు దొరకనిది మీ పిల్లలకు దొరుకుతుంది.

మాట వినకపోతే

అడిగినా మార్పు లేక, పైగా వార్నింగులు, కటింగులు పెరుగుతుంటే వరుసగా ఇలా చేయండి.

ముందు రాసి పెట్టుకోండి, లేదా వాయిస్ రికార్డు చేసి పెట్టుకోండి: తేదీ, ఎవరు ఏం చెప్పారు, ఏం జరిగింది. లెటర్ల ఫోటోలు, జీతం పడ్డ మెసేజ్‌లు అన్నీ ఒకచోట ఉంచండి. కంపెనీలో కార్మికుల ప్రతినిధులతో జాయింట్ కమిటీ ఉంటే ఆ ప్రతినిధితో మాట్లాడండి. "సేఫ్టీ మాటలు వాయిస్‌లో, బొమ్మలతో ఇవ్వాలి" అన్నది ఒక్కరి కోరికగా కాక అందరి కోరికగా కమిటీలో పెట్టించండి. అలా చేస్తే ఎవరి పేరూ బయటికి రాదు.

అక్కడా తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, హాట్‌లైన్ 16505. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే జడ్జి అధ్యక్షతన ఉండే కార్మిక వివాదాల కమిటీకి పంపుతారు. మాట్లాడటం కష్టమైనవాళ్లు ఒంటరిగా వెళ్లకండి. చెప్పాల్సింది ముందే చిన్న కాగితం మీద రాయించుకుని, తోడు ఒకరిని తీసుకెళ్లండి. భారత రాయబార కార్యాలయం, దాని ఆధ్వర్యంలో పనిచేసే ఐసీబీఎఫ్ వాళ్లను కూడా కలవవచ్చు. మన వాలంటీర్లు కాగితాలు చదివిపెడతారు, మీతో పాటు వస్తారు.

ఈ వారం ఒక్క పని చేద్దాం. మీ సైట్‌లో, షాపులో, విల్లాలో ఎవరైనా "సమజ్ గయా?" అని అడిగితే, మీకు పూర్తిగా అర్థమైనా సరే, మీరే ముందు నోరు తెరిచి "మై ఫిర్‌సే బోల్తా హూం" అని తిరిగి చెప్పండి. వెనక వరుసలో తలొంచుకుని నిలబడ్డ ఒకరు ఆ రెండోసారి విని పని సరిగ్గా చేసుకుపోతారు. ఆయన ఎవరో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆయనకు ఆ నెల జీతం మాత్రం కోత లేకుండా పడుతుంది.